ఇంటి పక్కన నీళ్లున్నాయా? కుంటకు, చెరువుకు, పులికాట్‌కు ఏ రేవు సరిపోతుంది

తిరుపతిలో ఇళ్ల డిజైన్లు గీసి బతికే సివిల్ ఇంజనీరును నేను. ఊరి బయట తోట కొని చిన్న ఇల్లు వేసుకునేవాళ్లు ఈమధ్య ప్లానంతా అయ్యాక చివర్లో ఒక మాట అడుగుతున్నారు: "నీళ్లలోకి రేవులాంటిది ఏమన్నా వేద్దామా సార్?"

రామచంద్రాపురం వైపు తోట కొన్న ఒక పెద్దాయన అయితే ఫోన్ తీసి ఫొటో చూపించారు. అమెరికాలో కొడుకు ఇంటి వెనక చెరువులోకి పోయే చెక్క జెట్టీ అది. చివర రెండు కుర్చీలు, పక్కన కట్టేసిన చిన్న పడవ. "ఇట్లాంటిదే మన చెరువులోకి వేస్తే మనవళ్లు వచ్చినప్పుడు కూర్చుంటారు గదప్పా" అన్నారు. ఆయన ఆశ నాకూ నచ్చింది. కానీ ఆ ఫొటోను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చి కడితే ఇటు మనవళ్లకూ క్షేమం కాదు, అటు చెరువుకూ క్షేమం కాదు. ఆయనకు ఆరోజు అరగంటలో చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ ఫొటో సంగతే చూద్దాం. అమెరికాలో పడవలు తిరిగే నీళ్లలోకి ఇంటి జెట్టీ వేయాలంటే 1899 నాటి రివర్స్ అండ్ హార్బర్స్ చట్టం పదో సెక్షన్ కింద ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ అనుమతి తీసుకోవాలి. ఫ్లోరిడాలో నీటి అడుగున గడ్డి పెరిగే చోట వేసే జెట్టీలకు ఇంకా వివరమైన మార్గదర్శకాలు ఉన్నాయి. నడిచే దారి వెడల్పు 4 అడుగులు దాటకూడదు. పోటు నీటి మట్టానికి 5 అడుగుల ఎత్తున ఉండాలి. పలకకూ పలకకూ నడుమ కనీసం అర అంగుళం సందు వదలాలి. ఇదంతా వెలుతురు కోసం. జెట్టీ నీడ పడితే కింది గడ్డి చస్తుంది. ఆ గడ్డిలోనే చేపపిల్లలు పెరుగుతాయి. ఇరుకుగా, ఎత్తుగా, సందులతో కడితే ఎండ కిందికి దిగుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. నీటికి మేలు చేసే కొలతలన్నీ మనిషికి కాస్త ఇబ్బందే. 4 అడుగుల దారిలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాలి. 5 అడుగుల ఎత్తు నుంచి పిల్లవాడు పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. అందుకే దారి ఇరుకైనకొద్దీ రైలింగ్ తప్పనిసరి అవుతుంది, ఎత్తు పెరిగినకొద్దీ నిచ్చెన తప్పనిసరి అవుతుంది. ఈ రెంటినీ ముందే ప్లానులో గీసుకుంటే అటు నిబంధనా నిలుస్తుంది, ఇటు మనిషీ పడడు. కట్టాక అతికించాలంటే మాత్రం రెండూ సరిగా కుదరవు.

ఇక మన నేలకు వద్దాం. రేవు కట్టాలనుకునేవాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: నవంబరులో నీళ్లు ఎక్కడికొస్తాయి, మే నెలలో ఎక్కడుంటాయి? మన జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెరువులు నిండుతాయి, ఎండలు ముదిరేసరికి అడుగంటుతాయి. ఏడాది పొడుగునా ఒకే మట్టంలో ఉండే నీళ్లు ఇక్కడ దాదాపు లేవు. ఆ ఫొటోలోని జెట్టీ మనకు పనికిరాకపోవడానికి ఇదే అసలు కారణం.

రెండో ప్రశ్న, ఆ నీళ్లు ఎవరివి? మీ పొలంలో మీరు తవ్వుకున్న కుంటా, ఊరి చెరువా, పులికాట్‌లాంటి ఉప్పునీటి సరస్సా? ఒక్కోదానికి చట్టం వేరు, సరిపోయే కట్టడమూ వేరు.

సొంత కుంట: ఇక్కడ తేలే బల్లే మేలు

మామిడి తోటల్లో, టమోటా పొలాల్లో పాలిథిన్ షీటు పరిచిన సేద్యపు కుంటలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మీ భూమిలో మీరు తవ్వుకున్నది కాబట్టి అనుమతుల గొడవ తక్కువ. కానీ నేను చెప్పబోయే మూడింటిలోనూ ప్రాణానికి ఎక్కువ ముప్పు దీనివల్లే, దయచేసి ఈ భాగం నిదానంగా చదవండి.

ఒకసారి నీళ్లు తగ్గిన కుంటలోకి దిగి చూశాను. షీటు మీద వేలితో గీస్తే పచ్చటి పాచి జిగురులా అంటుకుంది. కాలు పెట్టగానే జారింది. నాలుగడుగుల నీళ్లలో నిలబడి, వాలు గోడ మీద రెండు చేతులూ ఆనించి పైకి రావాలని చూశాను. పట్టుకోడానికి ఏమీ లేదు. ఎంత ఎగబాకితే అంత కిందికి జారాను. పైనున్న తాడు అందుకుని ఎక్కాను. నాకు ఈత వచ్చు, అది పట్టపగలు, గట్టు మీద మనుషులున్నారు. కూలికొచ్చిన తల్లితో వచ్చిన ఆరేళ్ల బిడ్డకు ఇవేవీ ఉండవు. అప్పటినుంచి ఏ కుంట చూసినా ముందు నా కళ్లు తాడు కోసమే వెతుకుతాయి.

ఈ కుంటలో సిమెంటు స్తంభం నిలపలేరు, గుంజ పాతలేరు. ఏది దిగినా షీటు చిరుగుతుంది, నీళ్లు ఇంకిపోతాయి. రాతి మెట్లు కట్టినా బరువుకు షీటు కుంగి మడతల దగ్గర తెగుతుంది. మిగిలింది తేలే బల్ల. లోపల గాలి ఉండే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ డబ్బాలను ఒకదానికొకటి బిగించి బల్లలా చేస్తారు. ఒక్కో డబ్బా సాధారణంగా 50 సెంటీమీటర్ల చదరం, 40 సెంటీమీటర్ల ఎత్తు. నీళ్లు పెరిగితే తానూ పైకొస్తుంది, తగ్గితే తానూ దిగుతుంది. అడుగున ఒక్క మేకు కూడా దిగదు.

దీని వెడల్పులో మాత్రం పొదుపు చేయొద్దు. రెండు డబ్బాల వెడల్పు, అంటే ఒక మీటరుతో వేస్తే, ఇద్దరు ఒక అంచుకు నిలబడగానే ఒరుగుతుంది. నాలుగు డబ్బాలకు తగ్గించకండి. ఫ్లోరిడాలో ఇరుకు దారి కోరేది గడ్డికి వెలుతురు కావాలని. షీటు పరిచిన కుంటలో కాపాడాల్సిన గడ్డే లేదు. పైగా నీడ పడిన మేరకు పాచి తగ్గుతుంది, నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది. అక్కడ తప్పయినది ఇక్కడ మేలవుతుంది. నియమం ఎందుకు పెట్టారో తెలిస్తే ఎక్కడ పాటించాలో కూడా తెలుస్తుంది.

బల్లను గట్టుకు కట్టే గుంజలను షీటు అంచు పూడ్చిన కాలువకు అవతల, గట్టి నేలలో పాతండి. రెండు వైపులా తాడు కట్టి, మే నెల మట్టానికి కూడా సరిపోయేలా పొడవు వదలండి. థర్మాకోల్ నింపిన డ్రమ్ములు చవగ్గా దొరుకుతాయని చాలామంది వాటివైపు చూస్తారు. నేను వద్దంటాను. ఎండకు పెంకు పగిలి లోపలి గుళ్లు నీళ్లలో కలిస్తే ఏరలేం. డ్రిప్పు పైపుల ఫిల్టర్లలో చేరేదీ అవే, చేపల కడుపులో చేరేదీ అవే.

ఊరి చెరువు: లోపల ఏదీ పాతకండి

రామచంద్రాపురం పెద్దాయన ప్రశ్న ఇదే. ఆయన తోట అంచు చెరువు నీళ్లకు తగిలేది. ఎవరో ఆయనకు చెప్పారట: 2017 చిత్తడి నేలల నిబంధనల్లో పడవ జెట్టీలకు మినహాయింపు ఉందని. ఆ మాట నిజమే. ఆ నిబంధనలు గత పదేళ్లలో చూసిన సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు పడవ జెట్టీలు తప్ప మరే శాశ్వత కట్టడమూ వద్దంటాయి. అయితే అదే నిబంధనల్లో చిత్తడి నేల అంటే ఏమిటో చెప్పే చోట, సేద్యం కోసం మనుషులు నిర్మించుకున్న నీటి వనరులను పక్కకు తీసేశారు. మన చెరువుల్లో ఎక్కువ భాగం అలా కట్టుకున్నవే. కాబట్టి ఆ మినహాయింపు పట్టుకుని ఊరి చెరువులోకి దిగడం కుదరదు.

ఊరి చెరువుకు వర్తించేవి వేరే ఉన్నాయి. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) లాంటి అభివృద్ధి సంస్థల పరిధిలోనూ పట్టణాల్లోనూ 2017 భవన నిర్మాణ నిబంధనలు ఉన్నాయి. ఈ భవన నిబంధనల ప్రకారం చెరువు పూర్తి నీటిమట్టం లోపల కట్టడమే ఉండకూడదు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే దాని హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి. మే నెలలో నీళ్లు లోపలికి పోయి మీ పొలం ముందు నేల ఎండిపోయి కనిపించినా అది చెరువే. నీళ్లు ఎక్కడ కనిపిస్తే అక్కడే చెరువు అనుకోవద్దు. రెవెన్యూ సర్వేయరును పిలిచి హద్దు రాళ్లు చూపించుకోండి. ఈ ఒక్క పని చేసి ఉంటే రెండేళ్ల కిందట నాకు తెలిసిన ఒక కుటుంబం వేయించిన సిమెంటు దిమ్మెలను మళ్లీ తమ ఖర్చుతోనే పగలగొట్టించుకోవాల్సి వచ్చేది కాదు.

చట్టం పక్కన పెట్టినా కట్ట మీద గుంత తవ్వడం నేను ఒప్పుకోను. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా. రాయలచెరువు కట్ట లీకైందని తెలిసి, ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఇసుక మూటలు వేసి కట్టను కాపాడారు. మట్టికట్టకు చిన్న కన్నం చాలు. స్తంభం కోసం తవ్వి మళ్లీ పూడ్చిన మట్టి పాత మట్టితో ఎప్పటికీ ఒకటి కాదు. ఆ అంచు వెంబడి నీళ్లు సన్నగా దారి చేసుకుంటాయి, పోతూ పోతూ మట్టిని వెంట తీసుకుపోతాయి. మీ రేవు స్తంభం మూడడుగులు దిగి ఉంటుంది, దాని వెనక మూడు ఊళ్లు ఉంటాయి. తూము దగ్గరా, మొరవ (అలుగు) దగ్గరా అయితే రేవు మాటే ఎత్తకండి. మొరవ పారేటప్పుడు కొట్టుకొచ్చే చెట్టు కొమ్మలు ఏ స్తంభానికి తట్టుకున్నా నీళ్లు ఎగదన్నుతాయి.

మరి పెద్దాయనకు ఏం చెప్పాను? హద్దుకు బయట, ఖాళీగా వదలాల్సిన జాగాను కూడా దాటి, ఆయన సొంత నేల మీద రాతి అరుగు ఒకటి. నీళ్లు కనిపించేంత ఎత్తున, వేపచెట్టు నీడలో. వదిలిన జాగాలో పచ్చగడ్డి, కానుగ మొక్కలు. పడవ ముచ్చట తీర్చుకోవాలంటే తోట లోపలి సొంత కుంటలో తేలే బల్ల. కుర్చీలు రెండు చోట్లా వేసుకోవచ్చు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీళ్లలో కాళ్లు పెట్టుకోడానికి మాత్రం ఉండదు కదా" అన్నారు. ఉండదు. ఆ మాట దాచి ఆయన్ను ఒప్పించడం నాకు ఇష్టం లేకపోయింది.

ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న మెట్ల రేవు మీ తోటకు దగ్గరైతే, పంచాయతీతోనూ నీటిపారుదల శాఖతోనూ మాట్లాడి దాన్ని బాగుచేయించడం ఇంకో దారి. పాత రాళ్లను నునుపు చేయించవద్దు. ఉలితో గాట్లు పెట్టించిన కరుకు రాయే పాచి మీద కాస్తన్నా పట్టునిస్తుంది. గ్రానైటు పాలిష్ పలకలు చూడ్డానికి బాగుంటాయి కానీ తడి కాలు వాటిమీద నిలవదు. మెట్ల ఒక పక్కన కిందిదాకా ఇనుప కమ్మీ వేయించండి. నిండా నీళ్లున్నప్పుడు మునిగిన మెట్టు ఎక్కడ అయిపోతుందో కనిపించదు. ఆ చివరి మెట్టు దగ్గర నీటి పైకి కనిపించేలా ఎర్ర రంగు గుంజ ఒకటి ఉంటే బట్టలుతికే ఆడవాళ్లకు అదే పెద్ద సాయం.

పులికాట్: చెక్కా సిమెంటా అని అడిగేముందు

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. చిలికా తర్వాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సులో ఆంధ్ర వైపు భాగం అలా మన జిల్లాదైంది. సరస్సు అంచున స్థలాలు కొన్నవాళ్ల నుంచి జెట్టీ ప్రశ్న అప్పటినుంచి ఎక్కువైంది.

పులికాట్ ఆంధ్ర వైపు భాగం వన్యప్రాణి అభయారణ్యం. 2019 తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో అభయారణ్యాలు సీఆర్‌జెడ్-1ఏ, అంటే అన్నిటికన్నా సున్నితమైన తీర ప్రాంతాల తరగతి కిందికి వస్తాయి. అక్కడ కట్టడాలు సాధారణంగా నిషేధం. మినహాయింపులు ప్రజోపయోగ పైపులైన్లు, కరెంటు లైన్లు, కొన్ని పర్యావరణ పర్యాటక పనుల్లాంటివి. సొంత ఇంటి జెట్టీ వాటిలో లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి వచ్చే, పోయే నీటిని మళ్లించాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. కాబట్టి సరస్సు ఒడ్డున ఇల్లున్నవారికి నా సలహా ఒక్కటే: సొంత జెట్టీ ఆలోచన మానుకోండి. ఊరి పడవల రేవును వాడుకోండి. దాన్ని బాగుచేసే పనిలో మీ డబ్బూ మీ ఇంజనీరు సమయమూ కలపండి.

చట్టం ఒక్కటే కారణం కాదు. భీములవారిపాలెంలో ఇరకం దీవికి పోయే పడవ ఎక్కేచోట ఒక పడవాయనను అడిగాను, ఇక్కడ జెట్టీ ఎంత పొడుగుంటే సరిపోతుందని. "ఇప్పుడు జూసి జెప్తే ఎట్లన్నా? ఎండాకాలం రా. నీళ్లు యాడికి పోతాయో అప్పుడు నువ్వే జూస్తువు" అన్నాడు. మే నెలలో మళ్లీ వెళ్లాను. శీతాకాలంలో పడవ ఆనుకున్న చోట చెప్పు బురదలో దిగబడిపోయింది. సగటున ఒక మీటరు లోతుండే సరస్సు ఇది. ఉత్తరాన చాలా మేర ఎండిపోతుంది. ఇక్కడ తేలే బల్ల వేస్తే వేసవిలో బురద మీద కూర్చుంటుంది. దాని బరువు కింద ఉన్న పురుగూ, నత్తా, రొయ్యపిల్లా నలిగిపోతాయి. రాజహంసలు ముక్కు తలకిందులు చేసి గాలించేది ఆ బురదనే. కుంటకు మేలైన కట్టడం సరస్సుకు చేటు.

ఊరందరి రేవును అనుమతులతో బాగుచేసేటప్పుడు ఏది ఎంచుకోవాలో కూడా చెప్తాను, పంచాయతీ పెద్దలు అడుగుతుంటారు కాబట్టి. పోటీ రెంటి మధ్యే: సరుగుడు గుంజలు, సిమెంటు స్తంభాలు.

సిమెంటు అనగానే గట్టిది అనుకుంటాం. ఉప్పునీటిలో అది పనివాడి చేతిలో ఉంటుంది. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ పోటు నీళ్లు ఎక్కి దిగే చోటును అన్నిటికన్నా కఠినమైన తరగతిలో పెడుతుంది. కాంక్రీటు గ్రేడు కనీసం ఎం40, కమ్మీ మీద 75 మిల్లీమీటర్ల కవరు, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు మందం. మన పట్నం ఇళ్ల స్తంభాలకు మేస్త్రీలు అలవాటుగా పెట్టే కవరు ఇందులో సగం. తీరంలో ఒక పాత రేవు స్తంభం చూశాను. నీటి గీతకు జానెడు పైన పగులు నిలువునా దిగింది. పెచ్చు పట్టి లాగితే అరచేతిలోకి ఊడొచ్చింది. దాని వెనక కమ్మీ ఎర్రగా పొరలు పొరలుగా ఉబ్బి ఉంది, గోటితో గీకితే రాలుతోంది. పెచ్చు మందం కొలిచాను. రెండు సెంటీమీటర్లు. ఆ రేవు మీద పైన అంతా కొత్త పెయింటు వేసి ఉంది, జనం ఎప్పట్లాగే దిగుతున్నారు. ఇట్లాంటి చోట పర్యావరణం కోసం చేసే పనీ భద్రత కోసం చేసే పనీ ఒకటే అవుతాయి. స్తంభాలను ఒడ్డున పోసి, క్యూరింగ్ చేసి, తెచ్చి నాటండి. నీళ్లలోనే పోస్తే సిమెంటు పాలు కలిసి చేపపిల్లలు చస్తాయి. పైగా ఆ నీళ్లు తగిలిన కాంక్రీటుకు బలమూ రాదు.

సరుగుడు గుంజలు మన తీరానికి అలవాటైనవి. చవక, చుట్టుపక్కలే దొరుకుతాయి, ఒకటి చెడితే ఒకటి మార్చుకోవచ్చు, నాటేటప్పుడు బురద పెద్దగా కదలదు. ఆయుష్షు తక్కువ. ఉప్పునీటి పురుగు లోపల తొలిచేస్తుంది, పైకి మాత్రం గుంజ నిండుగా కనిపిస్తుంది. ఏటా వానలకు ముందు ఒక్కో గుంజనూ సుత్తితో కొట్టి చప్పుడు వినాలి. డొల్ల చప్పుడు వస్తే వెంటనే మార్చాలి. ఆ పని ఎవరిదో ఊళ్లో పేరుతో రాసుకుంటేనే చెక్కకు నా ఓటు. ఎవరూ చూడరంటే సిమెంటే వేయండి, కోడ్ చెప్పినట్టు వేయండి. ఆయుష్షు పెంచుతామని ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించిన చెక్క ఎవరన్నా తెచ్చిస్తే తీసుకోకండి. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపే ఆ మందును అమెరికాలోనే 2003 చివరికి ఇళ్ల వాడకం నుంచి తప్పించారు.

పడవ కోసం జనం ఒక్కసారిగా గుమిగూడే రేవుకు ఇంటి బాల్కనీ లెక్క చాలదు. కట్టడాల మీద పడే బరువుల ప్రమాణం ఐఎస్ 875లో జనం గుమిగూడే చోటుకు ఇచ్చిన చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్ల (సుమారు 500 కిలోల) బరువు పట్టండి. పడవ ఆనే వైపు రైలింగ్ వేయలేం కాబట్టి అక్కడ బెత్తెడు ఎత్తు కర్ర అంచు వేస్తే చీకట్లో కాలికి హద్దు తెలుస్తుంది. దీపాలు కిందికి వంగి, పసుపు రంగులో, మోకాలి ఎత్తున ఉంటే చాలు. అక్టోబరు నుంచి మార్చి దాకా వలస పక్షులు ఉండే చోట ఫ్లడ్‌లైటు పెట్టడం అన్యాయం.

ఎక్కడ కట్టినా ఇవి మాత్రం

రైలింగ్ కమ్మీల మధ్య 10 సెంటీమీటర్లకు మించి సందు వద్దు, పసిబిడ్డ తల దూరుతుంది. నీళ్ల దగ్గర 230 వోల్టుల కరెంటు వద్దు, 12 వోల్టుల దీపాలు సరిపోతాయి. మోటారుకు తప్పనిసరైతే ఆ లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) పెట్టించి, నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి. తడిసిన ఇనుప నిచ్చెనలోకి కరెంటు దిగితే ఈతగాడు కూడా చేతులు ఆడించలేక మునిగిపోతాడు.

నిచ్చెన నీటి మట్టం కిందికి కనీసం మూడు మెట్లు దిగాలి. అప్పుడే మునిగినవాడి కాలికి అందుతుంది. కుంటకైతే నాలుగు పక్కలా ముడులు వేసిన తాళ్లు గట్టు నుంచి నీళ్లలోకి వేలాడాలి, ముడికీ ముడికీ మధ్య ఒక అడుగు. నైలాన్ తాడు ఎండకు పీచుపీచై బలం కోల్పోతుంది. అందుకే ఉగాదికి ఒకసారి పాత తాళ్లు విప్పి కొత్తవి కట్టమని నేను ప్రతి కుంట యజమానికీ రాసిస్తాను. పోయిన ఉగాదికి పెద్దాయన ఫోన్ చేసి, తాళ్లు మార్చానని, మనవడు ముడులు తానే వేశాడని చెప్పారు.